డాక్టరు అంబేడ్కరుగారి జీవితములో నాలుగు పాత సద్గుణములు

ధ్యానమునకు: దానియేలు 1వ అధ్యాయము, యోహాను 4:1–15, 2 పేతురు 1:5–8



మన గ్రామ సంఘములనుండి ప్రతి సంవత్సరము కొందరు పిల్లలు పై చదువులకు హైదరాబాదు వెళ్లుచున్నారు. వారిలో అనేకులు తార్నాకలో బస్సు గాని మెట్రో రైలు గాని దిగి, సంచి భుజమున వేసికొని, ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణములోనికి పోవుదురు. కొందరికి హాస్టలులో చోటు దొరకును. దొరకనివారు చుట్టుపట్ల నలుగురైదుగురు కలిసి ఒక గది అద్దెకు తీసికొందురు. వారిని సాగనంపునప్పుడు మనము ప్రార్థన చేయుదుము, బియ్యమును పచ్చడి సీసాను కట్టి యిత్తుము, బుద్ధిగా నుండుమని చెప్పుదుము. అయితే బుద్ధిగా నుండుట యనగా నేమి? ఆ మాటను విప్పి చెప్పవలసి వచ్చినప్పుడు మనలో చాలమంది తడబడుదుము. ఈ నెల ఆ ఒక్క మాటను ఒక మనుష్యుని జీవితమును చూచుకొనుచు ఆలోచింతము.

క్రీస్తుకు పూర్వమే గ్రీకు దేశపు జ్ఞానులు మంచి నడవడికి మూలమైన గుణములు నాలుగని యెంచిరి. అవి వివేకము, ధైర్యము, మితము, న్యాయము. నాలుగవ శతాబ్దములో మిలాను పట్టణపు బిషప్పైన అంబ్రోసు మొదలైన సంఘ పెద్దలు వాటిని త్రోసివేయక, విశ్వాసికిని అవి అవసరమని బోధించిరి. అపొస్తలుడైన పేతురు తన రెండవ పత్రికలో విశ్వాసమునకు సద్గుణమును, జ్ఞానమును, ఆశానిగ్రహమును, సహనమును ఒకదానిమీద నొకటి చేర్చుకొనుడని వ్రాసెను. అక్కడితో ఆగక, సహోదర ప్రేమవరకు, దయవరకు ఆ వరుసను తీసికొని పోయెను. ఇవి ఆదివారము విని సోమవారము మరచిపోవుటకు చెప్పబడిన మాటలు కావు.

మన పిల్లలు నడచుచున్న ఆ ఉస్మానియా విశ్వవిద్యాలయము 1953 జనవరి 12వ తేదీని డాక్టరు భీమ్‌రావు రామ్‌జీ అంబేడ్కరుగారికి గౌరవ డాక్టరేటు నిచ్చెను. అప్పటికి ఆయనకు అరువదియొక్క యేండ్లు నిండియుండెను. శరీరము చక్కెర వ్యాధిచేత నలిగి యుండెను. ఆ పట్టము ఆయనకు చివరి దినములలో వచ్చినది. దానికి కారణమైన గుణములు మాత్రము చాల ముందుగా, బొంబాయిలోని ఒక యిరుకు గదిలో, తండ్రి చేతిక్రింద ఏర్పడినవి. వాటిని ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది మితము. మన బైబిలులో దీనికి ఆశానిగ్రహమను మాట యున్నది.

అంబేడ్కరుగారు 1891 ఏప్రిలు 14న, నేటి మధ్యప్రదేశ్‌లోని మౌ అను సైనిక పట్టణములో, మహారు కుటుంబములో పుట్టిరి. తండ్రి రామ్‌జీగారు పట్టాళములో సుబేదారు. పదునాలుగుమంది సంతానములో ఈయనయే కడగొట్టు. పసితనములోనే తల్లి భీమాబాయిగారు చనిపోయిరి. తరువాత వారు బొంబాయి చేరి, పరేలు ప్రాంతములో కూలివారుండు పెద్ద కట్టడములో ఒక్క గదిలో కాపురముండిరి. వంట అందులోనే, పడక అందులోనే. ఇద్దరు ఒకేసారి పండుకొనుటకు చోటు లేకపోయెను. అందుచేత తండ్రి కుమారుని పెందలకడ పడుకోబెట్టి, తాను రాత్రి రెండు గంటలవరకు మేలుకొని, అప్పుడు అతనిని లేపి, అతడు లేచిన చోట తాను పడుకొనెడివారు. తలదగ్గర తిరుగలి, కాళ్లదగ్గర మేక, నడుమ ఒక చిన్న దీపము. ఆ దీపపు వెలుగున ఆయన చదివిరి. పుస్తకములకు డబ్బు లేనప్పుడు తండ్రి కూతుళ్ల యిండ్లకు పోయి, వారి నగలు అడిగి తెచ్చి కుదువబెట్టిన దినములును గలవు.

1913లో బరోడా మహారాజు శాయాజీరావుగారిచ్చిన విద్యార్థి వేతనముతో ఆయన అమెరికాలోని న్యూయార్కు వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయములో చేరిరి. తరువాత లండనులోను చదివిరి. లండనులో బ్రిటిషు మ్యూజియము గ్రంథాలయము తలుపు తీయగానే లోపలికి పోయి, మూసివేయువరకు అక్కడనే యుండెడివారు. సరియైన భోజనమునకు డబ్బు చాలక అనేక దినములు అర్ధాకలితో గడిపిరి. ఉన్న డబ్బును పాత పుస్తకములకు పెట్టిరి.

దానియేలు రాజు భోజనమును విడిచి శాకధాన్యములతో తృప్తిపడుట మనమెరుగుదుము. అతడును పై చదువుకే పరాయి పట్టణమునకు తేబడిన పిల్లవాడు. ఆకలి తనంతట తానే పుణ్యమని మనము చెప్పుట లేదు. పిల్లలు కడుపునిండ తినవలెను. కాని ఏది ముఖ్యమో దానికొరకు ఏది మానుకొనవలెనో తెలిసియుండుట మితము. నేడు తార్నాకలో గది తీసికొనిన పిల్లవానికి శోధన రాజు భోజనముగా రాదు. చేతిలోని ఫోనుగా వచ్చును. రాత్రి రెండు గంటలకు లేచి చదివిన పిల్లవాడు ఒకడు. రాత్రి రెండు గంటలవరకు ఫోను చూచి ప్రొద్దెక్కువరకు నిద్రించు పిల్లవాడు ఒకడు. ఫోనులోనే క్షణములో అప్పిచ్చు యాప్‌లు వచ్చినవి. ఐదువేలు తీసికొనుట సులభము. తరువాత వడ్డీయు బెదిరింపులును ఇంటివరకు వచ్చును. ఇంటివద్ద మనకును ఇదే పాఠము. పెండ్లికి, పండుగకు, ఇరుగుపొరుగు చూచుటకు చేసిన అప్పు కుమారుని ఫీజు కట్టవలసిన నెలలోనే మన తలుపు తట్టును.

రెండవది ధైర్యము. ఇది కండబలము కాదు, కోపమును కాదు. పడిన తరువాత లేచుట.

సాతారాలోని బడిలో చిన్న భీముడు మిగిలిన పిల్లలతో కూర్చుండుటకు వీలులేదు. ఇంటినుండి తెచ్చుకొనిన గోనెపట్టామీద వేరుగా కూర్చుండవలెను. దానిని బడి ఊడ్చువాడైనను ముట్టడు గనుక సాయంకాలము ఇంటికి మోసికొని పోవలెను. దాహమైనచో కొళాయి తాను త్రిప్పరాదు. బంట్రోతు వచ్చి త్రిప్పవలెను. బంట్రోతు లేని దినమున నీళ్లు లేవు. తొమ్మిదేండ్ల ప్రాయములో, 1901 ప్రాంతమున, అన్నతోను అక్క బిడ్డలతోను తండ్రిని చూడబోవుచు మసూరు స్టేషనులో దిగినప్పుడు, వీరి కులము తెలిసి బండివాడెవడును బండి కట్టలేదు. రెట్టింపు బాడుగ ఇచ్చెదమని ఒప్పించి, పిల్లలే బండి తోలుకొనగా బండివాడు ప్రక్కన నడచెను. ఆ రాత్రి వారియొద్ద అన్నమున్నది, త్రాగుటకు నీళ్లు మాత్రము దొరకలేదు.

ఇంతకంటె కఠినమైనది 1917లో జరిగెను. విద్యార్థి వేతనపు గడువు తీరుటచేత లండను చదువు సగములో విడిచి, ఒప్పందము ప్రకారము బరోడా సంస్థానపు ఉద్యోగమునకు వచ్చిరి. అది మొదటి ప్రపంచ యుద్ధకాలము. ఆయన పుస్తకముల పెట్టెలు వచ్చుచున్న ఓడ జలాంతర్గామి దెబ్బకు మునిగిపోయెను. బరోడా కార్యాలయములో నౌకరులు ఫైళ్లను దూరమునుండి ఆయన బల్లమీదికి విసిరెడివారు. ఉండుటకు ఇల్లు దొరకక, పారసీల సత్రములో పారసీ పేరుతో తలదాచుకొనిరి. అది బయటపడగానే పదిపన్నెండుమంది కర్రలతో వచ్చి సాయంత్రములోగా ఖాళీ చేయుమనిరి.

ఇక్కడ మనము తల వంచి వినవలసిన సంగతి యున్నది. ఆ దినమున ఆయన ఇద్దరు స్నేహితులను ఆశ్రయమడిగిరి. ఒకరు హిందువు, మరియొకరు క్రైస్తవుడు. క్రైస్తవ స్నేహితుడు తన భార్య మరునాడు వచ్చుననియు, ఆమెను అడిగి చెప్పెదననియు ననెను. ఆ మాటకు అర్థము ఆయనకు తెలిసెను. ఆ కుటుంబము ప్రభువును నమ్మినది గాని, పాత కుల భయమును గడపలోపలనే ఉంచుకొనినది. విదేశములలో చదివి వచ్చిన ఆ పండితుడు ఒక తోటలో గంటలకొలది కూర్చుండి, రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయెను.

అంతటితో ఆయన చదువు ముగిసినదని ఎవరైనను అనుకొందురు. ఆయన బొంబాయిలోని సిడెన్‌హాం కళాశాలలో 1918లో అధ్యాపకుడుగా చేరి, జీతములో కూడబెట్టి, కొల్హాపురము మహారాజు సహాయము పొంది, నవల్ భతేనా అను పారసీ స్నేహితునియొద్ద ఐదువేల రూపాయలు అప్పు తీసికొని, 1920లో మరల లండను వెళ్లిరి. 1923 నాటికి అర్థశాస్త్రములో డాక్టరు పట్టమును, బారిష్టరు పట్టమును సంపాదించి తిరిగి వచ్చిరి. ఒక పారసీ సత్రము వెళ్లగొట్టినది; ఒక పారసీ స్నేహితుడు చేయూత నిచ్చెను. కొందరు చేసిన కీడునుబట్టి అందరిని ద్వేషింపరాదని దీనివలన నేర్చుకొనవచ్చును.

ఈ చదువుకు ఆయన కుటుంబము పెద్ద వెల చెల్లించినది. భార్య రమాబాయిగారు బొంబాయిలో పేదరికముతో సంసారము నీడ్చిరి. పుట్టిన ఐదుగురు బిడ్డలలో నలుగురు పసితనములోనే చనిపోయిరి. ఆమెయు 1935లో కన్నుమూసిరి. ఒక పిల్లవాడు చదువుటకు ఇంటిలో ఎవరెవరు తమ కడుపు మాడ్చుకొనుచున్నారో ఆ పిల్లవాడు తెలిసికొనవలెను. మనమును మన యింటి ఆడవారి కష్టమును లెక్కలోనికి తీసికొనవలెను.

ఉద్యోగ ప్రకటనకొరకు రెండు మూడేండ్లు ఎదురుచూచి, పరీక్షలో ఒక మార్కుతో తప్పిన పిల్లలు ఉస్మానియా చుట్టుపట్ల ఎందరో యున్నారు. ఊరికి వచ్చుటకు సిగ్గుపడి ఫోను ఎత్తనివారును గలరు. అటువంటి వానికి మొట్టమొదట ఇంటినుండి వినబడవలసిన మాట లెక్క అడుగు మాట కాదు, భోజనము చేసితివా యను మాట.

మూడవది న్యాయము. మితమును ధైర్యమును దొంగకు సహితము ఉండవచ్చును. న్యాయము తోడైతేనే అవి సద్గుణములగును.

డాక్టరు పట్టము తెచ్చుకొనిన తరువాత అంబేడ్కరుగారు తన సుఖము తాను చూచుకొని యుండవచ్చును. ఆయన అట్లు చేయలేదు. బొంబాయి శాసనసభ 1923లోనే ప్రజల చెరువులు, బావులు అందరికిని చెందునని తీర్మానించెను. మహాడ్ పట్టణపు మునిసిపాలిటీయు దానిని అంగీకరించెను. అయినను అక్కడి చవదారు చెరువులో అస్పృశ్యులనబడినవారు చేయి పెట్టలేకపోయిరి. 1927 మార్చి 20న ఆయన వేలాదిమందితో నడచి వెళ్లి ఆ చెరువు నీరు త్రాగిరి. పశువులు త్రాగుచున్న నీటిని మనుష్యులు త్రాగుటయే ఆ దినపు తిరుగుబాటు. కొంతసేపటికి అల్లరిమూక వచ్చి, భోజనమునకు కూర్చున్నవారిని కర్రలతో కొట్టెను. ఆయన వెంట సైన్యములో పనిచేసినవారు అనేకులుండిరి. తిరిగి కొట్టగల బలము వారికున్నది. ఆయన వారిని ఆపి, చట్టము దారిని పట్టించిరి. ఆ వ్యాజ్యెము పదేండ్లు నడిచి, 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు తీర్పుతో గెలిచినది.

మన తెలంగాణమునకు సంబంధించిన సంగతియు ఒకటి యున్నది. 1934లో ఆయన ముప్పదిమంది స్నేహితులతో దౌలతాబాదు కోట చూడబోయిరి. నేడది మహారాష్ట్రలోనిది. ఆనాడు నిజాముగారి హైదరాబాదు రాజ్యములోనిది. దారి దుమ్ముతో నిండిన ముఖములను వారు కోటవాకిటి కుంటలో కడుగుకొనగా, నీరు మైలపడినదని కేకలు లేచెను. ఎట్టకేలకు కోట చూడనిచ్చిరి గాని, లోపల నీటిని ముట్టకుండ ఒక సిపాయిని వెంట పంపిరి. పందొమ్మిదేండ్లు గడచిన తరువాత, ఆ హైదరాబాదు రాష్ట్రపు విశ్వవిద్యాలయమే ఆయనను పిలిచి గౌరవించెను. ఈ నడుమ అదే రాష్ట్రములోనున్న ఔరంగాబాదులో ఆయన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ ద్వారా 1950లో ఒక కళాశాల స్థాపించిరి. మిళింద కళాశాల యని దానికి పేరు. నీళ్లు ముట్టనియ్యని ప్రాంతములోనే బీద పిల్లలకు చదువు పెట్టిరి.

సుఖారు బావియొద్ద మన ప్రభువు సమరయ స్త్రీని దాహమునకు నీళ్లడిగెను. ఆమె ఆశ్చర్యపడెను. ఏలయనగా యూదులు సమరయుల పాత్ర ముట్టరు. ప్రభువు ఆ గోడను ప్రసంగముతో కాక, ఆమె చేతి నీళ్లు అడుగుటచేత పడగొట్టెను.

అంబేడ్కరుగారు క్రైస్తవులు కాలేదు. ఆయన 1956 అక్టోబరు 14న నాగపూరులో బౌద్ధమతము స్వీకరించి, ఆ సంవత్సరమే డిసెంబరు 6న కన్నుమూసిరి. మిషనులు బీదలకు చేసిన విద్యాసేవను, వైద్యసేవను ఆయన ఒప్పుకొనిరి. కాని సంఘములోనికి వచ్చినవారు కులమును బయట విడువలేదని తన వ్రాతలలో ఖండితముగా చెప్పిరి. ఆ నింద అబద్ధమని మనము చెప్పగలమా? మన పల్లెలలో ఒకే బల్లయొద్ద రొట్టె విరిచి, వియ్యమునకు వచ్చుసరికి పేటలు లెక్కించువారు లేరా? సంఘ పెద్దల ఎన్నికలో పేరుకంటె ముందు పేట అడుగువారు లేరా? మనకు పైవారు మనకు చేసినది అన్యాయమైతే, మనము మన ప్రక్కవారికి చేయునదియు అన్యాయమే.

నాలుగవది వివేకము. ఏ పనికి ఏ సమయము, ఏ సాధనము తగునో ఎరుగుట.

1947 ఆగస్టులో రాజ్యాంగ రచనా సంఘమునకు ఆయన అధ్యక్షుడైరి. సంఘములో ఏడుగురు సభ్యులు. వారిలో కొందరు మరణముచేత, రాజీనామాచేత, దూరమున నుండుటచేత పనికి రాలేకపోగా, భారము చాలవరకు ఆయనమీదనే పడెను. సభలో వచ్చిన వేలాది సవరణలను వినుచు, ప్రశ్నలకు జవాబిచ్చుచు, తన అభిప్రాయము చెల్లనిచోట సర్దుకొనుచు ఆయన ఆ పనిని ముగింపునకు తెచ్చిరి. 1949 నవంబరు 26న సభ రాజ్యాంగమును ఆమోదించెను. అందులో 395 అధికరణము లుండెను. పదునేడవది అంటరానితనమును రద్దుచేయునది. గోనెపట్టా మోసిన పిల్లవాడు దేశమంతటికిని వర్తించు చట్టమునకు రూపు దిద్దెను. ఆయనకు కోపము లేదని కాదు. ఆయన మాట చాల పదునైనది. ఆ కోపమును కర్రలోనికి పోనీయక కలములోనికి మళ్లించుటయే ఆయన వివేకము. స్త్రీలకు ఆస్తిహక్కు మొదలైనవి కలుగజేయు హిందూ కోడు బిల్లు సాగకపోయినప్పుడు, 1951లో మంత్రిపదవిని విడిచిపెట్టిరి. పదవి ఎందుకో ఎరిగినవాడు దానిని ఎప్పుడు విడువవలెనో కూడ ఎరుగును.

మన పిల్లలకు ఈ వివేకము మిక్కిలి అవసరము. విశ్వవిద్యాలయములో ఊరేగింపులు, సభలు జరుగును. అన్యాయమును చూచి పిల్లలు మండిపడుట తప్పు కాదు. అయితే ఎవరో రగిలించిన కోపమున రాయి విసిరి కేసులో చిక్కుకొనుట వేరు. చదివి, వ్రాసి, అర్జీ పెట్టి, సాక్ష్యము చూపి పోరాడుట వేరు. ఊరిలో మనకును అంతే. ఉపాధి హామీ కూలి రానిచో, శ్మశానమునకు దారి లేనిచో, సారా అంగడియొద్ద అరచుటవలన ప్రయోజనము లేదు. చదువుకొనిన మన పిల్లవానిచేత అర్జీ వ్రాయించి, పదిమంది సంతకములు పెట్టి, మండల కార్యాలయమునకు పోవలెను. వారము తరువాత మరల పోవలెను.

ఈ నాలుగు గుణములు ఒకదానినొకటి పట్టుకొని నిలుచును. మితము లేని ధైర్యము అల్లరియగును. న్యాయము లేని చదువు స్వార్థమగును. వివేకము లేని న్యాయము గొడవలలో ముగియును. ఇవన్నియు ఉన్నను సహోదర ప్రేమ లేనిచో పేతురు చెప్పిన వరుస నడుమ ఆగిపోయినట్లే.

ఈ నెల గృహకూటములలో యోహాను 4వ అధ్యాయము చదువుడి. చదివిన తరువాత మూడు ప్రశ్నలు అడుగుకొనుడి. మన సంఘమునుండి పట్నములో చదువుచున్నవారెవరు, వారితో ఈ నెల మాటలాడినవారెవరు? మన వీధిలో ఎవరి యింటి నీళ్లు మనము త్రాగకున్నాము? మన సంఘపు లెక్కలు అందరు చూచునట్లు చదువబడుచున్నవా? జవాబులు మనస్సునకు నొప్పి కలిగించినను దాటవేయకుడి.

ప్రార్థన: ప్రభువా, పట్నములోనున్న మా పిల్లలకు ఆశానిగ్రహమును, ఓడిపోయిన దినమున లేచు ధైర్యమును దయచేయుము. మా మధ్యనున్న గోడలను మాకు చూపి, వాటిని మా చేతులతోనే తీసివేయు మనస్సు నిమ్ము. ఆమేన్.